ఇంగువ కట్టిన గుడ్డ

అబ్బాయ్,

నీ కథ పోయిన ఆదివారం చదివాను. జవాబు రాయకూడదనే అనుకున్నాను. నెలకి పది పన్నెండు కథలు వస్తాయి నాకు, అన్నిటికీ ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే నా రాత ఎప్పుడు రాసుకోను? కానీ ఏడో పేజీలో ఒక వాక్యం మూడు రోజులుగా నన్ను వదలడం లేదు. "నాన్న ఇచ్చే పది రూపాయల నోటు నుంచి కూడా ఇంగువ అరోమా వచ్చేది."

ఆ నోటు దగ్గర నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ అరోమా దగ్గర ఒళ్లు మండింది. రెండూ ఒకే వాక్యంలో ఎలా చేశావయ్యా?

కిరాణా కొట్లో చింతపండు బస్తాల మీద పడుకుని హోంవర్క్ చేసుకున్న పిల్లాడు ఇంగువకి అరోమా అంటాడా? పైగా ఉత్తరంలో సంజాయిషీ ఒకటి: ఇంగ్లీషులో స్మెల్, సెంట్, ఓడర్, అరోమా, ఫ్రాగ్రెన్స్ అని ఇన్ని ఉన్నాయి మాస్టారూ, మనకి వాసన ఒక్కటే కదా, అందుకే అరోమా వాడాల్సి వచ్చింది, అసలు వీటికి తేడా ఏమిటో చెప్పండి, అని. సరే, చెబుతాను. నువ్వు ఉత్తరంలో అడిగిన నాలుగు ప్రశ్నల్లో దీనికే చెబుతాను.

స్మెల్ అన్నది మామూలు మాట. దాని పుట్టుక ఏమిటో పండితులకే సరిగ్గా అంతుపట్టలేదు. మంచిదైనా చెడ్డదైనా స్మెల్లే. కాకపోతే వెనకా ముందూ ఏమీ లేకుండా 'ఇట్ స్మెల్స్' అంటే మాత్రం చెడ్డ వాసనే. మనమూ అంతేగా? "ఏదో వాసనేస్తోంది" అంటే అందరూ ముక్కు మూసుకుంటారు గానీ ఎవరూ గుండె నిండా పీల్చరు. ఓడర్ ఆఫీసు మాట, డాక్టర్లూ సైన్సు వాళ్లూ వాడేది. మన మున్సిపాలిటీ వాళ్లు మురికి కాలువ గురించి కాగితం రాయాల్సొస్తే 'దుర్గంధం' అంటారు చూడు, ఆ తరహా. అరోమా గ్రీకు నుంచి వచ్చింది, సుగంధ ద్రవ్యాల మాట, ఇప్పుడు కాఫీకీ తిండికీ అంటుకుంది. ఫ్రాగ్రెన్స్ పువ్వులకీ సబ్బులకీ. పెర్ఫ్యూమ్ అంటే లాటిన్‌లో 'పొగ గుండా' అని, మన సాంబ్రాణి ధూపం లాంటిదన్నమాట.

సెంట్ సంగతి వేరు. అది ఫ్రెంచి నుంచి వేటకాళ్లతో, కుక్కలతో వచ్చిన మాట. జంతువు నడిచిన దారిలో మిగిలిన వాసన అది. దాని స్పెల్లింగులో ఉన్న 'సి' అక్షరం కూడా 17వ శతాబ్దంలో కారణం లేకుండా వచ్చి చేరిందే, ముందు లేదు. నువ్వేమో మూడో పేజీలో "కుక్క దొంగను స్మెల్ చేసింది" అని రాశావు. మనకి పసిగట్టడం లేదూ? పసి అంటేనే వాసన. వేటకుక్క గాల్లో ముక్కు పెట్టి పట్టుకునే వాసన. అచ్చంగా సెంట్ అన్న మాటకి అన్నదమ్ముడు లాంటిది మన ఇళ్లలో రోజూ నలుగుతుంటే, "మా అమ్మ ఇట్టే పసిగట్టేసింది" అని నువ్వే పదిసార్లు అని ఉంటావు, రాయడానికి కూర్చునేసరికి అది చేతికి రాలేదు!

ఇంకో సంగతి. 1066లో ఫ్రాన్సు వైపు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి దొరల ఇంటి భాష అయింది. ఆ తర్వాత చూస్తే మంచి వాసనలన్నీ ఫ్రెంచి, లాటిన్, గ్రీకు మాటలకి పోయాయి, స్టింక్, స్టెంచ్, రీక్ లాంటి పాత ఇంగ్లీషు మాటలకి కంపు మిగిలింది. రీక్ అంటే మొదట్లో పొగ. స్టింక్ అయితే ఒకప్పుడు తియ్యటి వాసనకి కూడా చెప్పేవాళ్లు. అంటే కంపు కొట్టేది మాట కాదు, ఆ మాట మాట్లాడేవాళ్ల బతుకు దిగజారింది, మాట కూడా వాళ్లతో పాటే దిగింది. నవ్వకు, మన కంపుకీ ఇదే గతి పట్టింది. పాత కావ్యాల్లో కంపు అంటే పరిమళం కూడా. కన్నడంలో ఇప్పటికీ పరిమళమే. మా ఇంటికి ఒక కన్నడ స్నేహితుడు వచ్చి, మా ఆవిడ తల్లో మల్లెపూలు చూసి "ఆహా, మల్లిగె కంపు" అన్నాడు. ఆయన కాఫీలో ఆ పూట చక్కెర పడలేదు. తమిళంలో నాట్రం అనే మాట కూడా పాత పాటల్లో సువాసనే, ఇప్పుడు ఆ మాట అంటే కొడతారు. మనకీ పువ్వు వాసనకి తావి అనే చక్కటి మాట ఉండేది, బంగారానికి తావి అబ్బినట్టు అనే సామెతలో తప్ప ఎక్కడా కనిపించదు. దాని కుర్చీలో పరిమళం, సౌరభం వచ్చి కూర్చున్నాయి.

సరే, మనకి వాసన ఒక్కటే అన్నావు కదా. పోపు మాడితే మాడు వాసన. నూనె మరీ కాగితే కమురు వాసన. శనగపిండి సరిగ్గా వేగకపోతే పచ్చి వాసన. చేపది నీచు, తెలంగాణ వైపు కౌసు. నిలవ బియ్యానిది ముక్క వాసన. ఆకు నలిపితే పసరు, లేవగానే నోట్లో పాచి. ఇంగ్లీషు వాడిని కమురు వాసనకి ఒక్క మాట చెప్పమను చూద్దాం! నా నమ్మకం ఏమిటంటే, కాదనేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, వాళ్లని నేను పట్టించుకోను, ఇంగ్లీషు తన ముక్కుకి నచ్చిందా లేదా అని వాసనల్ని విడదీస్తుంది, తెలుగు ఆ వస్తువుకి ఏం జరిగిందో చెబుతుంది. మాడిందా, మురిగిందా, ముక్కిందా, పచ్చిగా ఉందా. కథకుడికి కావాల్సింది అదే కదా, ఏం జరిగింది అన్నది! "మధురమైన పరిమళం" అని నీ కథలో ఐదు చోట్ల ఉంది. ఐదూ కొట్టెయ్. పరిమళం ముందు మధురమైన పెట్టడమంటే పంచదార మీద బెల్లం చల్లడం.

ఈ కోపం నాకు ఊరికే రాలేదు. మాది ప్రకాశం జిల్లా. మా నాన్న ఒక ఆసామి పొగాకు బ్యారన్ దగ్గర, అంటే పచ్చాకుని వేడితో ఆరబెట్టే కొట్టం దగ్గర, మంట చూసేవాడు. ఐదారు రోజులు రాత్రింబవళ్లు మంట కాయాలి. వేడి తొందరపడితే ఆకు పాడవుతుంది, తగ్గితే పసుపు రంగు రాదు. థర్మామీటరు ఉండేది, అయినా నాన్న తలుపు సందు దగ్గర ముక్కు పెట్టి చెప్పేవాడు ఆకు ఎంతవరకు వచ్చిందో. మొదటి రోజు పసరు, తర్వాత ఎండుగడ్డి, ఆ తర్వాత ఎండుగడ్డి మీద ఎవరో తేనె ఒలకబోసినట్టు. నా మొదటి కథ దాని మీదే. తొమ్మిది నెలలు ఎదురుచూశాక ఒక వారపత్రికలో వచ్చింది. చూస్తే ఈ మూడు వాసనలూ లేవు. "బ్యారన్ నుంచి పొగాకు దుర్గంధం వెలువడుతోంది" అని ఉంది. ఎవరో సబ్ ఎడిటర్ గారు, జన్మలో బ్యారన్ చూసి ఉండరు, పొగాకు అనగానే దుర్గంధం అనుకున్నారు. నాన్నకి చదివి వినిపిస్తే ఒకటే అడిగాడు, "దుర్గంధం ఏందిరా, మన ఆకు మురిగిందా?" ఆ కథకి ముప్పై రూపాయలు పంపారు. ఆ పత్రిక మూతబడినప్పుడు సంతాపం రాయమని అడిగారు. నేను రాయలేదు.

ఇప్పుడు ఇంకో ఫ్యాషన్ వచ్చింది, పెట్రికోర్. కవిత రాసిన ప్రతివాడూ తొలకరికి లేచే మట్టి వాసనని పెట్రికోర్ అంటున్నాడు. 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఎండిన రాళ్ల నుంచి నూనె తీసి, తమ పరిశోధన కోసం కట్టుకున్న మాట అది. వాళ్ల పనికి అది బ్రహ్మాండంగా ఉంది. అంతకు చాలా ముందే ఉత్తరప్రదేశ్‌లో అత్తర్లు చేసే కన్నౌజ్ ఊరివాళ్లు ఆ వాసనని గంధం నూనెలో పట్టి మట్టి అత్తరు అని అమ్మేవాళ్లు. మట్టి అత్తరు! ఇంకేం కావాలి? అదృష్టం, నీ కథలో వాన లేదు.

మళ్లీ ఇంగువ దగ్గరికి వద్దాం. ఇంగ్లీషులో ఇంగువ పేరు తెలుసుగా, ఆసఫోటిడా. అందులో రెండో సగం లాటిన్, కంపు కొట్టేది అని అర్థం. దయ్యం పెంట అనే ఇంకో పేరు కూడా పెట్టుకున్నారు. అదే ఇంగువ పులిహోర పోపులో పడితే మనకి నోరూరుతుంది. పేరులోనే కంపు అని వాళ్లు రాసి పెట్టుకున్న సరుకుకి నువ్వు వాళ్ల అరోమా తగిలించావు! ఆ ఒక్క మాటతో మీ నాన్న కొట్టు కౌంటరు అవతలికి వెళ్లిపోయావు, సరుకు కొనడానికి వచ్చినవాడివైపోయావు. కొట్టు లోపలివాడికి అది మంచి వాసనా కాదు, చెడ్డ వాసనా కాదు. మీ నాన్న వాసన.

వాసన అనే మాటకి మనకి ఇంకో అర్థం ఉంది, అది ఆ ఐదు ఇంగ్లీషు మాటల్లో దేనికీ లేదు. పూర్వజన్మ వాసన అంటాం. మనిషి పోయాక, పని పోయాక, మిగిలిన జాడ. ఇంగువ కట్టిన గుడ్డ అంటారే, ఇంగువ అయిపోయినా గుడ్డ వదలదు. నీ కథలో కొట్టు అమ్మేశారు, నాన్న లేడు, పాత పెట్టెలో ఆ నోటు ఒకటి ఉంది. ఇంత కథ చేతిలో పెట్టుకుని, ఇది చివరి పేరాలో రావాల్సిన సంగతి, ఏడో పేజీలో దారిన పోయేదానిలా విసిరేశావు. నోటుని చివరికి తీసుకురా. "ఇంగువ వాసన వచ్చింది" అని మాత్రం రాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు అని కూడా వద్దు.

అవునూ, మీ నాన్న అమ్మింది ముద్ద ఇంగువా, పొడా? ముద్దయితే కత్తెరతోనో దేంతోనో తుంచి తూచాలి, చేతికి పట్టిన జిగురు రెండు రోజులు పోదు, నోటుకి అంటుకున్నది అదేనేమో. కథలో ఎక్కడా చెప్పలేదు. తిరగరాసి పంపు. ఈసారి పీడీఎఫ్‌లో అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, నాకు కుడికంటికి ఆపరేషన్ అయి ఇంకా నెల కాలేదు.

ఉంటాను.