పిప్పి పన్ను నొప్పి యాంటీబయాటిక్‌తో పోతుందా?

కింది దవడ పన్ను పుచ్చింది, రాత్రిళ్లు పోటు, మెడికల్ షాపులో యాంటీబయాటిక్ ఇచ్చారు, మూడు రోజులు వాడితే లోపల క్రిములు చచ్చి పన్ను బాగవుతుందా అని అడిగారు కదా. బాగవదండీ. నేనూ అచ్చం ఇదే పని చేశాను కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నా.

నాకు మొదట్లో ఐస్‌క్రీమ్ తింటే జివ్వుమనేది, నాలుగైదు సెకన్లలో పోయేది, పట్టించుకోలేదు. కొన్ని నెలలకి చల్లనీళ్లు తాగితే మొదలైన నొప్పి అరగంట దాకా సలుపుతూనే ఉండేది, ఆ తర్వాత ఏమీ తినకపోయినా రాత్రి రెండింటికి నిద్రలేపేది. పడుకుంటే ఎక్కువ, లేచి కూర్చుంటే కొంచెం నయం. తమాషా ఏంటంటే నేను పై పన్ను అనుకున్నా, డాక్టర్ గారు చూస్తే పాడైంది కింది పన్ను. పంటి లోపలి నరం నొప్పి అని చెబుతుంది గానీ ఏ పన్నో సరిగ్గా చెప్పలేదట.

మా నాయనమ్మ పంట్లో పురుగు పడిందనేది. వాళ్ల రోజుల్లో పొగ పెట్టి పురుగులు రాలుస్తామని వీధుల్లో తిరిగేవాళ్లట. పురుగూ లేదు ఏమీ లేదు, ఉండేవి బ్యాక్టీరియా. వాటిలో పేరుమోసినది స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్, 1924లో క్లార్క్ అనే ఆయన పుచ్చిన పళ్ల నుంచి వేరుచేసి ఆ పేరు పెట్టారు. మనం తిన్న చక్కెరతో అది ఒకపక్క బంక తయారుచేసుకుని పంటికి అతుక్కుంటుంది, ఇంకోపక్క యాసిడ్ వదులుతుంది. పంటి మీద పీహెచ్ (యాసిడ్ కొలత, అది తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువ) సుమారు 5.5 కన్నా తగ్గితే పైపొర ఎనామెల్ కరగడం మొదలు. ఎనామెల్‌లో నరం ఉండదు, అందుకే అక్కడ ఎంత పుచ్చినా మనకి తెలీదు. దాని కింద డెంటిన్ ఉంది చూశారూ, అది సన్నటి గొట్టాల కట్టలాంటిది, ఒక్కో గొట్టం ఒకటి రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వెడల్పు, ఈ బ్యాక్టీరియా అందులో దూరిపోగలవు. పైగా అవి పంటి గుజ్జు (నరం, రక్తనాళాలు ఉండే లోపలి మెత్తటి భాగం) దాకా చేరకముందే అవి వదిలిన యాసిడ్లు, విషాలు ఆ గొట్టాల్లోంచి ముందు చేరతాయి. నాకు ఐస్‌క్రీమ్‌కి జివ్వుమన్నది ఆ దశలోనే, అప్పుడే పుచ్చు తీసి ఫిల్లింగ్ చేయించుకుని ఉంటే గుజ్జు మళ్లీ కోలుకునేది.

ఒంట్లో వేరే చోట వాపొస్తే ఉబ్బడానికి చోటుంటుంది, పంటి గుజ్జు వాస్తే మాత్రం చుట్టూ గట్టి గోడలు, రక్తం రావడానికి పోవడానికి వేరు చివర సన్నటి రంధ్రం. లోపల ఒత్తిడి పెరుగుతుంది, పడుకుంటే తలవైపు రక్తం ఇంకా ఎక్కువొస్తుంది, అదీ ఆ రాత్రి పోటు.

1965లో అమెరికాలో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే ముగ్గురు ఎలుకల పళ్లకి రంధ్రం చేసి గుజ్జు బయటపడేలా వదిలేశారు. మామూలు ఎలుకల్లో గుజ్జు చచ్చి చీము పట్టింది. క్రిములే లేకుండా పెంచిన ఎలుకల్లో మాత్రం, ఆ రంధ్రంలో తిండి ఇరుక్కున్నా సరే, గుజ్జు బతికి పైన కొత్త గట్టి పొర కట్టుకుంది. అంటే అసలు దోషి ఎవరో తేలిపోయింది.

మరి క్రిములే కారణమైతే యాంటీబయాటిక్ ఎందుకు చాలదంటారా? అవి కూర్చున్నది పుచ్చులో, చచ్చిన గుజ్జులో, అక్కడికి రక్తం వెళ్లదు, రక్తం వెళ్లని చోటికి మందెలా వెళ్తుంది? గుజ్జు ఇంకా బతికి వాచి ఉన్నప్పుడు కూడా ఈ మాత్రలు ఆ నొప్పిని తగ్గించవు. నాకు నాలుగో రోజుకి నొప్పి మాయమైంది, మాత్ర భలే పనిచేసిందని ఇంట్లో గొప్పగా చెప్పా. నిజానికి ఆ రోజు గుజ్జు చచ్చిపోయింది, నొప్పి చెప్పడానికి నరం లేదు. రెండు నెలలకి చిగురు మీద చీము పొక్కు లేచింది, ఆర్‌సీటీ (రూట్ కెనాల్, అంటే పాడైన గుజ్జు తీసేసి లోపల శుభ్రం చేసి మూసే చికిత్స) చేసి క్యాప్ వేయించుకుంటే గానీ వదల్లేదు.

మీ నొప్పి చల్లదనం పోయాక కూడా ఆగకుండా సలుపుతూ, రాత్రి దానంతటదే వస్తోందంటే ఫిల్లింగ్ దశ దాటినట్టే అనుకోండి, ఎక్స్‌రే తీయించుకోండి. ఈలోపు లవంగం నూనె దూదితో కొంచెం అద్దుకోవచ్చు, ఎక్కువ పోస్తే చిగురు కాలుతుంది. దవడ వాచి జ్వరమొచ్చినా, మింగడం, నోరు తెరవడం కష్టమైనా మాత్రం ఆ రాత్రే హాస్పిటల్‌కి వెళ్లండి, యాంటీబయాటిక్ నిజంగా అవసరమయ్యేది అప్పుడు.

అన్నట్టు, పోయినేడు ఇంకో పన్ను జివ్వుమంది. వారంలోపే వెళ్లా, ఒక్క ఫిల్లింగ్‌తో సరిపోయింది.