వీఎఫ్‌డీ మీద నడిచే మోటారు వైండింగ్ మళ్లీ మళ్లీ ఎందుకు కాలుతోంది?

415 వోల్టుల మోటారు, డ్రైవ్ (వీఎఫ్‌డీ, అంటే ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం) నుంచి 60 మీటర్ల కేబుల్, క్లాంప్ మీటర్లో ఆంపియర్లు మామూలే, అయినా రీవైండింగ్ చేయించాక మళ్లీ కాలిందన్నారు. ముందు ఏ కాయిల్ కాలిందో చూడండి. ఓవర్‌లోడ్ అయితే మూడు ఫేజులూ నల్లబడతాయి. మిగతా వైండింగ్ శుభ్రంగా ఉండి, లీడ్ వైరు కలిసే మొదటి కాయిల్లో చుట్ల మధ్యే కాలితే అది చాలావరకు సర్జ్ (క్షణకాలం ఎగిసే వోల్టేజీ) పనే.

415 వోల్టుల ఏసీ రెక్టిఫై అయ్యాక డ్రైవ్ లోపలి డీసీ లైను (డీసీ బస్) మీద సుమారు 587 వోల్టులు ఉంటాయి. డ్రైవ్‌లోని వేగమైన ఎలక్ట్రానిక్ స్విచ్, ఐజీబీటీ, దాన్ని 0.1 మైక్రోసెకండు లాంటి సమయంలో కేబుల్‌లోకి వదులుతుంది. మోటారు సర్జ్ ఇంపిడెన్స్ (పల్స్‌కు ఎదురయ్యే అడ్డు) కేబుల్ కంటే చాలా ఎక్కువ కాబట్టి పల్స్ అక్కడ తగిలి వెనక్కి మళ్లుతుంది. వచ్చిందీ మళ్లిందీ కలిసి టెర్మినళ్ల దగ్గర దాదాపు 1,170 వోల్టుల దాకా లేస్తుంది. కేబుల్లో పల్స్ వేగం మైక్రోసెకండుకు సుమారు 150 మీటర్లు. ఆ లెక్కన 0.1 మైక్రోసెకండులో పల్స్ వెళ్లి తిరిగొచ్చేది 7, 8 మీటర్లే, అంత కేబుల్‌కే రెట్టింపు వచ్చేస్తుంది. పైగా అంత వేగంగా లేచిన వోల్టేజీలో ఎక్కువ భాగం మొదటి కొన్ని చుట్ల మీదే పడుతుంది.

మల్టీమీటర్ దీన్ని పట్టలేదు. హై వోల్టేజ్ డిఫరెన్షియల్ ప్రోబ్ పెట్టిన ఆసిలోస్కోప్‌తో, మోటారు టెర్మినల్ బాక్సులోనే కొలవాలి. ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ కూడా చుట్ల మధ్య షార్ట్‌ను చూపదు, దానికి సర్జ్ టెస్ట్ కావాలి. మెగ్గర్ వేసే ముందు డ్రైవ్ నుంచి కేబుల్ విప్పడం మాత్రం మరవకండి, ఐజీబీటీలు పోతాయి.

డ్రైవ్‌ను మోటారు పక్కకి జరపగలిగితే అంతకు మించింది లేదు. కుదరకపోతే 60 మీటర్లకు డ్రైవ్ అవుట్‌పుట్ దగ్గర డీవీ/డీటీ ఫిల్టర్ (వోల్టేజీ లేచే వేగాన్ని తగ్గించేది) పెట్టమంటాను. 3 శాతం చోక్ (డ్రైవ్ అవుట్‌పుట్‌లో పెట్టే కాయిల్) కొంత తగ్గిస్తుంది గానీ, ఒకసారి కాలిన మోటారుకు దాన్నే నమ్ముకోలేం. కేబుల్ వందల మీటర్లుంటే పల్సులను నున్నటి సైన్ తరంగంగా మార్చే సైన్ ఫిల్టర్ పెట్టాలి. క్యారియర్ ఫ్రీక్వెన్సీని (ఐజీబీటీలు స్విచ్ అయ్యే వేగాన్ని) 8 నుంచి 2–4 కిలోహెర్ట్జ్‌కి దించితే సెకనుకు పడే దెబ్బలు తగ్గుతాయి, దెబ్బ ఎత్తు తగ్గదు. ఫిల్టర్ ఉంటే దాని కనీస ఫ్రీక్వెన్సీ చూసుకునే దించండి. పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్లు డ్రైవ్ అవుట్‌పుట్‌కి ఎప్పుడూ కట్టొద్దు.

ఈసారి రీవైండింగ్‌కి ఇన్వర్టర్ గ్రేడ్ ఎనామిల్ వైరే అడగండి. ఫేజుల మధ్య పేపర్ పూర్తిగా వేయించి, గాలి సందులు మిగలకుండా వార్నిష్ పట్టించండి. కొత్త మోటారే కొంటే అమెరికా మోటారు ప్రమాణం నేమా ఎంజీ 1 పార్ట్ 31 ప్రకారం డ్రైవ్ పల్సుల పీక్ తట్టుకునేదా అని అడిగి తీసుకోండి.