కోతులు ఇంకా ఎందుకున్నాయని మీ మామగారు అడిగితే

తమ్ముడూ, "కోతి నుంచి మనిషొస్తే కోతులింకా ఎందుకున్నాయి?" అని మీ మామగారు అడిగితే నోరు పెగల్లేదన్నావు. తిరకాసు ఆ ప్రశ్నలోనే ఉంది. ఇప్పుడున్న కోతి నుంచి మనిషి రాలేదు. చింపాంజీకీ మనకీ దాదాపు 60, 70 లక్షల ఏళ్ల కిందట పూర్వీకులు ఒకరే. మనం పుట్టామని పెదనాన్న పిల్లలు లేకుండా పోరు కదా!

సాక్ష్యం అడిగితే క్రోమోజోముల (కణాల్లో డీఎన్ఏ ఉండే పోగుల) సంగతి చెప్పు, నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. చింపాంజీకి 48, మనకి 46. మరి ఆ ఒక్క జత ఏమైంది? పూర్వీకుల్లో విడిగా ఉన్న రెండు క్రోమోజోములు కొసలు అతుక్కుని మన రెండో నంబరు క్రోమోజోమ్ అయింది. చింపాంజీలో అవి ఇప్పటికీ విడివిడిగానే ఉన్నాయి. మామూలుగా చివర్లో ఉండే డీఎన్ఏ వరస మనకి దాని నడిమధ్యన కనిపిస్తుంది, అతుకు వేసిన బట్టమీద కుట్టు కనబడ్డట్టు.

దేవుడి జోలికి మాత్రం వెళ్లకు. జీవులు ఎలా మారాయో చెప్పడమే పరిణామ సిద్ధాంతం పని. గాఢమైన ఆస్తికుడు కూడా పరిణామవాది కావచ్చని, దాన్ని శంకించడం అసంబద్ధమని 1879లో డార్వినే ఒక ఉత్తరంలో రాశాడు. అమెరికాలో ఆయన పక్షాన నిలబడ్డ వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రే భక్తిగల క్రైస్తవుడు. పెద్దాయనకి ముందు ఈ మాటే చెప్పు, క్రోమోజోములు తర్వాత.