మానులో చెక్కేది, మైనంలో పెట్టేది

విజయనగరం,
ఆదివారం

అమ్మడూ,

నువ్వు కడుతున్న గ్రాఫుల ఫ్రేమ్‌వర్క్ (ఎవరైనా తమ గ్రాఫులు గీసుకోడానికి వాడుకునే సరంజామా) కోడ్ రెండుసార్లు చదివాను. బాగా రాశావు గానీ, ఆ గ్రాఫు గీసే ఒక్క ఫంక్షన్‌కి ముప్పై ఏడు ఆప్షన్లేటే? ఎవరేం అడిగితే దానికో ఆప్షన్ తగిలించుకుంటూ పోయావని తెలిసిపోతోంది. నేనూ ఒకప్పుడు అదే చేశాను కాబట్టి తిట్టడానికి మొహం లేదు.

అప్పట్లో మేం భూగర్భజలాల గ్రాఫు వేశాం. నీళ్లు ఎన్ని మీటర్ల లోతున ఉన్నాయన్నది లెక్క. లోతు పెరిగితే గీత కిందికి దిగాలి కదా? మా గ్రాఫులో అంకె పెరిగితే పైకి పోవడమే. ఎండాకాలం బావులు అడుగంటుతుంటే తెరమీద గీత హుషారుగా పైకెక్కింది. 'తలకిందులు' అని ఒక ఆప్షన్ పెట్టాం. గీత తిరిగింది, పక్కన అంకెలు తిరగలేదు. అంకెలు తిప్పితే, గీత కింద పడాల్సిన రంగు పైన పడింది. ఆ ఒక్క ఆప్షన్ కోసం ఎనిమిది చోట్ల ఇఫ్‌లు, అంటే 'ఇలాగైతే ఇలా చెయ్యి' అనే షరతులు, రాశాం. తొమ్మిదోది మర్చిపోయాం. దాన్ని కనిపెట్టింది కస్టమరే.

అందుకని స్కేల్‌ని విడి ముక్కగా తీసెయ్యి. దానికి తెలియాల్సింది ఒకటే: 0 నుంచి 20 మీటర్లను 300 పిక్సెళ్లలో సర్దడం. పిక్సెళ్ల లెక్క పైనుంచి కిందికి నడుస్తుంది కదా, మామూలు గ్రాఫుకి 300 నుంచి 0 అని ఇస్తావు, లోతుకి 0 నుంచి 300 అని ఇస్తావు. లోతు గ్రాఫులో 5 మీటర్లు 75 దగ్గర పడుతుంది. గీత, అంకెలు, రంగు అన్నీ ఆ స్కేల్‌నే అడిగితే, తిరిగినప్పుడు అన్నీ కలిసే తిరుగుతాయి. వెనక్కి లెక్క కూడా దానికే నేర్పు. 75వ పిక్సెల్ మీద వేలు పెడితే 5 మీటర్లని చెప్పగలగాలి. అది రాకపోతే వేలితో గీసి ఎంచుకోవడం, దగ్గరికి లాక్కుని చూడడం ఏదీ కుదరదు.

బొబ్బిలి వీణ చూశావుగా. ఏకాండి వీణంటే ఒకే పనస మానులోంచి చెక్కుతారు. కానీ 24 మెట్లనీ మైనం మీద కూర్చోబెడతారు. శ్రుతి తేడా వస్తే మళ్లీ మేళం కట్టించుకోవచ్చు, వీణ పారెయ్యక్కర్లేదు. నీ పనిలో నువ్వు తేల్చుకోవాల్సింది కూడా అదే, ఏది మానులో చెక్కాలి, ఏది మైనంలో పెట్టాలి అని. నువ్వేమో ఏ మండలం ఏ జిల్లాదో కోడ్‌లోనే రాసేసి, జిల్లాల్ని మానులో చెక్కేశావు.

మన వైపు జిల్లా గీతలు 1950లో కదిలాయి, 1979లో కదిలాయి, 2022 ఏప్రిల్ 4న మళ్లీ కదిలాయి. రాజాం మా విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి పోయింది. అంతకుముందు రెండూ మీ శ్రీకాకుళమే. మరి 2021లో రాజాంలో పడిన వాన ఎవరి ఖాతాలో రాస్తావు? అడిగేవాణ్ణి బట్టి రెండు జవాబులూ సరైనవే. ఏ మండలం ఏ తేదీ నుంచి ఏ జిల్లాలో ఉందన్నది విడిగా ఒక పట్టికలో పెట్టు. ఆ పట్టిక వాడుకునేవాళ్లు ఇస్తారు, నీ ఫ్రేమ్‌వర్క్ చదువుతుంది.

మ్యాపు మీద మండలాల చుక్కల్ని డేటాకి వరస నంబరుతో ముడెయ్యకు. జాబితాలోంచి ఒక మండలం తీసెయ్యగానే, బొబ్బిలి చుక్క నడుచుకుంటూ పక్క మండలం చోటుకి పోతుంది. పేరుతోనూ వద్దు. మా ఊరి పేరే ఇంగ్లీషులో ఒకచోట జెడ్‌తో ఉంటే ఇంకోచోట జేతో ఉంటుంది. మండలం కోడ్ నంబరుతో కట్టు.

చోటులో పేరు పట్టకపోతే కత్తిరించే లైన్ కూడా ఒకటి రాశావు. 'శ్రీకాకుళం' మనకి నాలుగక్షరాలు, కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే యూనికోడ్‌లో పది కోడ్‌లు. రెండు ఉంచి మిగతాది కొయ్యమంటే 'శ్' మిగులుతుంది. సొంత జిల్లా పేరు పొల్లు చేసి పంపితే కలెక్టరేట్‌లో టీ కూడా ఇవ్వరు.

ఎంత బాగా రాసినా నువ్వు ఊహించని గ్రాఫు ఒకటి ఎవరో అడుగుతారు. వాళ్ల కోసం పెరటి గుమ్మం తెరిచి ఉంచు. బోస్టాక్, హీర్ అనే ఇద్దరు 2009లో ప్రోటోవిస్ అని గ్రాఫులు గీసే సరంజామా ఒకటి తెచ్చారు. అందులో బొమ్మలన్నీ దాని సొంత లోకంలో ఉండేవి. 2011లో ఒగియెవెట్‌స్కీ అనే ఆయన్ని కూడా కలుపుకుని డీ3 అనే కొత్తదానితో మళ్లీ మొదలెట్టారు. ఈసారి బ్రౌజర్‌లో ఉన్న వస్తువుల్నే నేరుగా చేతికిచ్చారు. కొత్తవాళ్లకి కష్టమే, చిన్న బార్ గ్రాఫుకీ చాలా లైన్లు రాయాలి. అందుకని పైన రెడీమేడ్ గ్రాఫులు కూడా పెట్టు, కానీ వాటిని బయటివాళ్లకి ఇచ్చే ముక్కలతోనే కట్టు. నీకోసమని లోపల్నుంచి దొంగదారి పెట్టుకోవద్దు. నీ గ్రాఫే ఆ ముక్కలతో రాకపోతే ఏ ముక్క తక్కువైందో అక్కడే తెలుస్తుంది.

వేగం సంగతి ఇప్పుడే పట్టించుకోకు. వెయ్యి చుక్కలకి ఒక్కో చుక్కనీ విడి వస్తువుగా ఉంచే ఎస్‌వీజీ చాలు, లక్షకి అన్నీ ఒకే బొమ్మగా గీసేసే కాన్వాస్ కావాలి. గీసే ముక్క విడిగా ఉంటే తర్వాతైనా మార్చుకోవచ్చు. అన్నట్టు, మౌస్ పైన పెడితేనే అంకె కనిపించేలా చేశావు. ఫీల్డులో ఫోన్ పట్టుకున్నవాడి దగ్గర మౌసెక్కడిదే?

ముందు లోతు గ్రాఫు, వాన గ్రాఫు, జిల్లా మ్యాపు, ఈ మూడూ ఏ ఫ్రేమ్‌వర్కూ లేకుండా చేత్తో రాసి పంపు. మూడింట్లోనూ మళ్లీ మళ్లీ వచ్చిన లైన్ల కింద గీత గియ్యి. సిరిమాను పండక్కి వస్తావుగా, అప్పుడు కూర్చుని చూద్దాం. ఛార్జర్ తెచ్చుకో, నాది నీ ల్యాప్‌టాప్‌కి పట్టదు.

మీ మావయ్య