ఇన్‌చార్జి సిస్టర్ అయితున్న, ఎట్లుండాలె అక్కా?

ప్రశ్న: నమస్తే అక్కా, హన్మకొండల ఒక ప్రైవేట్ దవాఖానల 6 ఏండ్ల సంది స్టాఫ్ నర్సును. పోయినేడున్న ఇన్‌చార్జి సిస్టర్ డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల ముచ్చట అప్పజెప్పే హ్యాండోవర్ టైంల పేషెంటోళ్ల ముంగటనే తిట్టేది, డ్యూటీకి పోవాల్నంటే బస్సులనే కడుపుల దేవేది. ఇప్పుడు ఇంకో సిస్టర్ వచ్చింది, వార్డు అదే, పని గంతే, కని నాకు నిద్ర పడుతున్నది. వచ్చే నెల ఈమె పోతున్నది, నన్నే ఇన్‌చార్జి చేస్తున్నరు. నేను గూడ ఆ మొదటామె లెక్క అయితనేమోనని భయమైతున్నది. – ఒక సోదరి, కాజీపేట

జవాబు: బిడ్డా, పని గంతే ఉండి మనిషి మారంగనే నిద్ర పట్టిందన్నవ్ సూడు, అసలు ముచ్చట అదే. పని భారమెంత, ఆ పని మీద మన ఇష్టం ఎంత నడుస్తది, ఈ రెండిటిని బట్టే ఒత్తిడి ఉంటదని 1979ల కారసెక్ అనే పరిశోధకుడు చెప్పిండు, 1988ల జాన్సన్, హాల్ అనేటోళ్లు దానికి ‘ఆసర’ అనే ముక్క కలిపిన్రు, అంటే పైనోళ్లు, తోటోళ్లు ఆసరుంటే అదే బరువు మనిషిని తక్కువ కుంగదీస్తది. బర్నవుట్‌ను, అంటే పనితోని మనిషి పూరా అలసి కుంగిపోవుడును, డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) గూడ 2019ల జబ్బు అనలే, పనికాడి ఒత్తిడితోని వచ్చేది అన్నది. అప్పుడు నీకు కడుపుల దేవింది నీ మెత్తదనం కాదు బిడ్డా.

ఆసరంటే తియ్యగ మాట్లాడుడు కాదు. నా కొత్తల ఒకనాటి రాత్రి 3 గంటలకు చిన్నపిల్లకు క్యాన్యులా (మందెక్కించే సన్న గొట్టం) పెట్టబోతే నరం దొరకలే, రెండు సార్లు పొడిచిన, పిల్ల తండ్రి మీదికొచ్చిండు, నా చేతులు వణుకుతున్నయ్. మా సిస్టర్ వచ్చి ఆయనకూ నాకూ నడుమ నిలబడి "అన్నా నాతోని మాట్లాడు" అన్నది, నా దిక్కు మర్రి "నువ్వు నీళ్లు తాగిరా, ఈసారి ఇద్దరం చూద్దాం" అన్నది. 30 ఏండ్లయినా ఆ మాట యాదికున్నది.

ఇంకోటి, నీ కింది పిల్లలు ఇంజక్షన్ లేటయితే నీకాడికే ఉరికొచ్చి చెప్పాలె. తిడుతవని దాస్తే పేషెంటుకే ముప్పు. తప్పు దిద్దాల్నంటే రూమ్ల తలుపేసి చెప్పు.

మనుషులు తక్కువుంటే మాత్రం నీ మంచితనంతోని నెట్టుకరాకు, ఏ షిఫ్టుల ఎంతమంది తక్కువో రాసి పైకి పంపు, కాపీ నీకాడ పెట్టుకో. నీకే మనసు బరువైతే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్, పైసలు పడయ్.

రోస్టర్ దగ్గర పక్షపాతం అస్సలొద్దు, పెండ్లి కాలేదని ఒక్క పిల్లకే నైట్లు వెయ్యకు. పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు డ్యూటీ చేసినోళ్ల పేర్లు ఇప్పుడే రాసిపెట్టు, ఈయేడు ముందుగాల వాళ్లకే లీవియ్.