రైళ్ల మోత: ఫోనులోని 92 ట్రిబ్యునల్‌లో నిలవదు

ప్రశ్న: విశాఖ గోపాలపట్నంలో రైలు పట్టాల పక్కన మా సొంత ఇల్లు. రెండేళ్లుగా రాత్రిపూట గూడ్సు బండ్లు బాగా పెరిగాయి. గుండె జబ్బున్న నాన్నగారికి నిద్ర లేదు. ఫోనులో కొలిస్తే 92 డెసిబెల్స్ చూపిస్తోంది. రైళ్లు ఆపించవచ్చా? పట్టాల మీద బైఠాయిద్దామని కాలనీవాళ్లు అంటున్నారు.

జవాబు: నాన్నగారి నిద్ర గురించి రాశారు, తేదీ రాయలేదు. ‘రెండేళ్లుగా’ అంటే ఏ నెల నుంచి? కేసు నిలవడమైనా, పోవడమైనా ఆ తేదీ మీదే. పర్యావరణ కేసులు వినేది జాతీయ హరిత ట్రిబ్యునల్. దాని చట్టం, 2010 సెక్షన్ 14 కింద వివాదాన్ని తేల్చమని అడగాలంటే వ్యాజ్య కారణం (కేసుకు మూలమైన ఇబ్బంది) మొదట తలెత్తిన రోజు నుంచి 6 నెలల్లో వెళ్లాలి; తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు. ‘మోత రోజూ ఉంది కదా’ అంటే ‘మొదట’ అన్న మాట అడ్డొస్తుంది. చేజేతులా ఆ దారి మూసుకున్నారు. సెక్షన్ 15 కింద నష్టపరిహారం అడగడానికి 5 ఏళ్ల గడువుంది. చెన్నైలోని దక్షిణ ధర్మాసనానికి అలా వెళ్లాలి.

92 అనేది బండి కిటికీ దాటిన క్షణపు అంకె. శబ్ద కాలుష్య నియమాలు, 2000 నివాస ప్రాంతానికి రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పెట్టిన 45 డెసిబెల్స్ పరిమితి సగటుకు వర్తిస్తుంది. అలాగని నిరాశ వద్దు. 80 డెసిబెల్స్‌తో అరనిమిషం చొప్పున 12 బండ్లు పోయాయనుకోండి. మొత్తం ఆరు నిమిషాలే. మిగతా రాత్రంతా నిశ్శబ్దమే అనుకున్నా ఎనిమిది గంటల సగటు 61 వస్తుంది, ఎందుకంటే ఇది లాగరిథం లెక్క: 10 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. పరిమితికి 10 మించితే ఫిర్యాదు చేసే హక్కు ఆ నియమాలే ఇచ్చాయి. గుర్తింపు ఉన్న ప్రయోగశాల చేత పడకగది కిటికీ బయట, రాత్రంతా కొలిపించండి. మైకుకు నురగ తొడుగు ఉందో లేదో చూడండి. లేకపోతే సముద్రపు గాలి మోత కూడా రైలు ఖాతాలో పడి, అవతలి లాయరుకు పని తగ్గుతుంది. ఏ బండి ఎన్ని గంటలకు పోయిందో, ఎక్కడ హారను కొట్టిందో పక్కనే రాసుకోండి.

పట్టాల మీద కూర్చునే ఆలోచన ఈ రోజే మానండి. రైల్వే చట్టం, 1989 సెక్షన్ 174 కింద రెండేళ్ల వరకు జైలు. బాధితులుగా వెళ్లవలసినవారు ముద్దాయిలవుతారు.

రైళ్లు ఆపమని అడగకండి, ఎవరూ ఆపరు. శబ్దాన్ని అడ్డుకునే గోడ, పట్టాల సానపెట్టుడు (గరుకు పోయేలా నునుపు చేయడం), పరిహారం అడగండి. మీ వీధి నివాస ప్రాంతంగా వర్గీకరణలో ఉందా అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

ఫోనును మాత్రం ఎక్స్చేంజికి ఇవ్వకండి. శబ్దం ఎంతో అది చెప్పలేకపోయినా, అందులోని మొట్టమొదటి రికార్డింగు తేదీ మీకు కావాలి. దానికి ఎలక్ట్రానిక్ రికార్డులను సాక్ష్యంగా చూపడానికి అవసరమైన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ధ్రువపత్రం జతచేయాలి.