మగ చేప లేని తొట్టెలో గప్పీ పిల్లలను ఎలా పెడుతుంది?

ఒంటరిగా ఉన్న ఆడ గప్పీ పిల్లలు పెట్టడానికి కారణం, అంతకుముందు మగ చేపతో కలిసినప్పుడు అందిన వీర్యకణాలను అది తన శరీరంలో కొన్ని నెలలపాటు నిల్వ ఉంచుకోగలగడమే. ఆ నిల్వతోనే అండాలు విడతలవారీగా ఫలదీకరణ చెంది, కడుపులోనే ఎదిగి, సుమారు 4 వారాలకొకసారి ఈదగలిగే పిల్లలుగా బయటికి వస్తాయి. విజయవాడ ఎండలకు తొట్టెలో నీరు వెచ్చబడితే ఈ గడువు కొంత తగ్గుతుంది కూడా.

ఉదాహరణకు, మగ, ఆడ చేపలను కలిపి ఉంచిన దుకాణపు తొట్టె నుంచి జనవరిలో ఒక్క ఆడ గప్పీనే తెచ్చుకున్నా, అది ఫిబ్రవరిలోనూ, మార్చిలోనూ, ఆ తరువాత కూడా పిల్లలు పెట్టవచ్చు. పొట్ట ఉబ్బి, దాని వెనుక భాగంలోని నల్లమచ్చ పెద్దదైతే సమయం దగ్గరపడినట్లే.

గప్పీకి మగ తోడే అక్కరలేదని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. పుట్టిన తరువాత ఎన్నడూ మగ చేపతో కలవని ఆడ గప్పీని ఎన్నాళ్లు పెంచినా పిల్లలు పుట్టవు.